హక్కు ఉంది, పాలన ఎలా? అమెరికా మూలవాసీ నేషన్ల సంగతి

రిజర్వేషన్ అనగానే మనకు కాలేజీ సీటో, ఉద్యోగమో గుర్తొస్తుంది. అమెరికాలో మూలవాసుల విషయంలో ఆ మాటకు అర్థం భూమి. ఒప్పందంలో మిగతాదంతా వదులుకుంటూ, ఇంతవరకు మాది అని తెగ అట్టిపెట్టుకున్న నేల. అన్ని రిజర్వేషన్లూ ఒప్పందాలతోనే పుట్టలేదు, అధ్యక్షుడి ఉత్తర్వుతో ఏర్పడ్డవీ ఉన్నాయి. కానీ మాటలో ఉన్న భావం అదే: ఎవరో దయతో ఇచ్చింది కాదు, తమది తాము నిలుపుకొన్నది.

'నేషన్' అనే మాటతోనూ ఇదే తంటా. నవహో నేషన్, చెరోకీ నేషన్, ఓసేజ్ నేషన్ అని వాళ్లు రాసుకుంటారు. తెలుగులో దాన్ని దేశం అందామంటే ఎక్కువవుతుంది, తెగ అందామంటే తక్కువవుతుంది, జాతి అంటే పక్కకి పోతుంది. అమెరికా సుప్రీంకోర్టు కూడా 1831లో ఇలాగే తడుముకుని, చెరోకీలు విదేశం కాదు, 'దేశం లోపలి పరాధీన నేషన్' అని తేల్చింది. మరుసటి ఏడాది, వూస్టర్ కేసులో, చెరోకీ భూభాగంలో జార్జియా రాష్ట్ర చట్టాలు చెల్లవని చెప్పింది. ఈ రెండు తీర్పుల నుంచి వచ్చిన సూత్రమే నేటికీ పునాది: తెగల పాలనాధికారం ఎవరూ ప్రసాదించింది కాదు, అమెరికా పుట్టకముందు నుంచీ ఉన్నదే. కాకపోతే అమెరికా కాంగ్రెస్ దాన్ని ఎప్పుడైనా కత్తిరించగలదు. ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు ఉన్న తెగలు నేడు 570కి పైగా ఉన్నాయి. వాటిలో 200కు పైగా అలాస్కాలోనివే.

చట్టం ముందు వీటన్నిటి హోదా దాదాపు ఒకటే. మరి కొన్ని నేషన్లు ఆసుపత్రులు, కోర్టులు, డ్యాములు నడుపుతుంటే, మరికొన్ని జీతాలకు కూడా వాషింగ్టన్ వైపు ఎందుకు చూస్తున్నాయి? హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1987లో స్టీఫెన్ కార్నెల్, జోసెఫ్ కాల్ట్ మొదలుపెట్టిన పరిశోధన ఈ ప్రశ్ననే పట్టుకుంది. బొగ్గు, కలప, చేపలు ఉన్నంత మాత్రాన తెగ బాగుపడలేదని వాళ్లు గమనించారు. నిర్ణయం ఎవరు తీసుకుంటున్నారు, ఆ నిర్ణయాన్ని నిలబెట్టే సంస్థలు ఉన్నాయా, ఆ సంస్థల తీరు అక్కడి జనం దృష్టిలో న్యాయమైనదేనా అన్న మూడింటి దగ్గరే తేడా కనిపించింది. వీటిని కట్టుకునే పనికే 'నేషన్ బిల్డింగ్' అన్న పేరు స్థిరపడింది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. వాళ్ల కొలబద్ద ఎక్కువగా ఉద్యోగాలు, ఆదాయం. గని తవ్వకం వద్దనుకుని, నీటినీ కొండనూ కాపాడుకున్న తెగ ఆ లెక్కలో వెనకబడినట్టే కనిపిస్తుంది.

1934 నాటి మూస

1887లో వచ్చిన డాజ్ చట్టం ఉమ్మడి భూమిని కుటుంబ పెద్దకు 160 ఎకరాల చొప్పున పంచి, 'మిగులు' అని తేల్చిన దాన్ని తెల్ల వలసదారులకు తెరిచింది. అప్పటికి 13.8 కోట్ల ఎకరాలున్న మూలవాసుల భూమి 1934 నాటికి 4.8 కోట్లకు పడిపోయింది. ఆ పంపకాన్ని ఆపింది 1934 నాటి ఇండియన్ రీఆర్గనైజేషన్ చట్టం (అక్కడి చట్టాల్లో 'ఇండియన్' అంటే మూలవాసే). తెగలు రాజ్యాంగాలు రాసుకునే దారి వేసింది కూడా అదే. ఆ చట్టం తమకు వద్దని చెప్పాలంటే మాత్రం మొత్తం ఓటర్లలో సగానికి పైగా వ్యతిరేకంగా ఓటేయాలి. అంటే ఇంట్లో కూర్చున్నవాళ్లందరూ 'సరే' అన్నట్టే లెక్క. ప్రభుత్వం పెట్టే ఓటింగుకు వెళ్లకపోవడమే నిరసన అనుకున్నవాళ్ల మౌనం కూడా అంగీకారం ఖాతాలో పడింది. 1935లో కాంగ్రెస్ ఈ లెక్క మార్చింది గానీ, అప్పటికే కొన్ని తెగల మీద ముద్ర పడిపోయింది.

ఆ కాలంలో వచ్చిన రాజ్యాంగాలు చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒక చిన్న కౌన్సిల్. చాలాచోట్ల రెండేళ్ల పదవీకాలం. వేరే కోర్టంటూ ఉండదు, ఉన్నా జడ్జిని పెట్టేదీ తీసేదీ కౌన్సిలే. చట్టం చేసేది, ఉద్యోగాలిచ్చేది, కలప మిల్లును నడిపేది అన్నీ ఆ కొద్దిమందే. వాళ్లు చేసిన ముఖ్యమైన తీర్మానాలకు, భూమి కౌళ్లకు, చివరికి లాయరును పెట్టుకోవడానికి కూడా, మూలవాసుల వ్యవహారాలు చూసే ఫెడరల్ ఇంటీరియర్ శాఖ కార్యదర్శి (అక్కడ మంత్రితో సమానం) ఆమోదం కావాలి.

దెబ్బ ఎక్కడ తగులుతుందో ఊహించడం కష్టం కాదు. రెండేళ్ల పదవిలో మొదటి ఏడాది పని నేర్చుకోవడానికి, రెండో ఏడాది ప్రచారానికి సరిపోతుంది. సీట్లన్నీ ఒకేసారి ఖాళీ అయ్యేచోట కౌన్సిల్‌తో పాటు గృహనిర్మాణ డైరెక్టర్, ఆరోగ్య డైరెక్టర్ కూడా మారిపోతారు. సగంలో ఉన్న గ్రాంటు దరఖాస్తు ఎవరి కంప్యూటర్లో ఉందో కొత్తవారికి తెలియదు. వార్డులు లేకుండా రిజర్వేషన్ మొత్తానికి కలిపి ఎన్నిక పెడితే పెద్ద కుటుంబమో, పెద్ద ఊరో సీట్లన్నీ ఊడ్చుకుపోతుంది. ఎన్నిక మీద వివాదం వస్తే తేల్చాల్సింది ఆ ఎన్నికలో గెలిచినవాళ్లే.

ఇంతకంటే లోతైన ఇబ్బంది ఇంకొకటి. ఆ మూస ఏ తెగకు ఎంత అతుకుతుందనేది వాళ్ల పాత అలవాటు మీద ఆధారపడింది. పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లోని ఓగ్లాలా లకోటాలకు అందరి మీదా పెత్తనం చేసే ఒక్క నాయకుడన్నవాడు ఏనాడూ లేడు. తియోష్‌పాయే అనే బంధువర్గాలు ఎవరి నిర్ణయం వారు తీసుకునేవి, క్రమం నిలిపే బాధ్యత అకిచితా దళాలది, ఆలోచన పెద్దలది. వాళ్ల నెత్తిన అధ్యక్షుడు, కేంద్రీకృత కౌన్సిల్ వచ్చి పడ్డాయి. 1973లో తెగ అధ్యక్షుణ్ణి తొలగించే ప్రయత్నం కౌన్సిల్‌లో వీగిపోయిన కొద్ది రోజులకే, అదే రిజర్వేషన్‌లోని వూండెడ్ నీ ఊరిని నిరసనకారులు ఆక్రమించారు, ఆ ఆక్రమణ 71 రోజులు సాగింది. దానికి కారణాలు చాలానే ఉన్నా, ఫిర్యాదు చెప్పుకోవడానికి కౌన్సిల్ బయట ఒక చోటంటూ లేకపోవడం వాటిలో ఒకటి. బలమైన నాయకుడి వెంట నడిచే అలవాటున్న వైట్ మౌంటెన్ అపాచీలకు దాదాపు అదే మూస అంత ఇరుకనిపించలేదని కార్నెల్, కాల్ట్ చూపించారు. ఇక న్యూమెక్సికోలోని కోచిటి ప్వెబ్లో అనే నేషన్‌కు రాతపూర్వక రాజ్యాంగమే లేదు. కసీక్ అనే మతపెద్ద ఏటా గవర్నర్‌ను, ఇతర అధికారులను నియమిస్తాడు. బయటివారికి ఇది ప్రజాస్వామ్యంలా కనిపించదు, అక్కడివారికి మాత్రం ఆ మాట చెల్లుతుంది. అందుకే 'మంచి రాజ్యాంగం నమూనా ఒకటి ఇవ్వండి' అని అడిగేవారికి సూటి జవాబు దొరకదు.

ఆమోదం వద్దనడానికి ఆమోదం

1934 చట్టం కింద వచ్చిన పాత రాజ్యాంగాన్ని మార్చాలంటే దారి ఒకటే: 'సెక్రటేరియల్ ఎలక్షన్'. తెగ నుంచి వినతి అందాక కొత్త రాజ్యాంగమైతే 180 రోజుల్లో, సవరణైతే 90 రోజుల్లో ఇంటీరియర్ శాఖ ఎన్నిక జరపాలి. తెగ సొంత ఎన్నికల జాబితా ఇక్కడ చెల్లదు, దీనికోసం విడిగా ఓటరు నమోదు ఉంటుంది. అలా నమోదైనవారిలో కనీసం 30 శాతం ఓటేయాలి, పడ్డ ఓట్లలో మెజారిటీ రావాలి. గెలిస్తే 45 రోజుల్లో కార్యదర్శి ఆమోదించాలి. ఫెడరల్ చట్టానికి విరుద్ధమైతే తప్ప కాదనడానికి వీల్లేదు, గడువు దాటితే ఆమోదం పొందినట్టే. ఈ గడువులన్నీ 1988లో వచ్చాయి. అంతకుముందు ఫైలు ఎన్నేళ్లు మూలుగుతుందో చెప్పేవారే లేరు.

చాలా తెగలు తొలగించాలనుకునే మొదటి వాక్యం 'కార్యదర్శి ఆమోదంతో' అనేదే. దాన్ని తీసేయాలన్నా ఆఖరిసారిగా ఆ కార్యదర్శి దగ్గరికే వెళ్లాలి. ఓక్లహోమాలోని సిటిజెన్ పొటావటోమీ నేషన్ 2007లో ఆ పని చేసింది. ఊరు వదిలి వెళ్లిన పౌరులకు ప్రాతినిధ్యం ఎలా అన్న ప్రశ్ననూ అప్పుడే తేల్చుకుంది. వారి 16 మంది శాసనసభ్యుల్లో సగం మంది ఓక్లహోమా బయటి జిల్లాల నుంచి వస్తారు.

ఇలాంటి ప్రయత్నాలు ఎక్కడ కూలుతాయో చూస్తే, రాతలో కంటే ముందే కూలుతుంటాయి. లాయరు ఆరు నెలల్లో చక్కటి ముసాయిదా తెస్తాడు. జనం దాన్ని మొదటిసారి చూసేది బ్యాలెట్ మీదే. పాతికకు పైగా మార్పులను ఒకే ప్రశ్నగా కట్టి 'అవును, కాదు' అంటే, ఒక్కటి నచ్చనివాళ్లంతా కలిసి మొత్తాన్ని ఓడిస్తారు. పౌరసత్వ నిబంధనను కూడా అదే మూటలో పెడితే ఇక చెప్పక్కర్లేదు. అనుభవజ్ఞులు పౌరసత్వాన్ని విడి ప్రశ్నగా పెట్టమంటారు.

638: ఒక చట్టం సంఖ్య క్రియాపదమైన తీరు

మూలవాసీ ప్రభుత్వ కార్యాలయాల్లో 'క్లినిక్‌ను 638 చేశాం' అన్న మాట వింటాం. అది 1975 నాటి ఇండియన్ సెల్ఫ్ డిటర్మినేషన్ చట్టం సంఖ్య, 93-638లోని చివరి భాగం. బీఐఏ అని పిలిచే బ్యూరో ఆఫ్ ఇండియన్ అఫైర్స్ గానీ, ఇండియన్ హెల్త్ సర్వీస్ గానీ తెగ కోసం నడుపుతున్న కార్యక్రమాన్ని ఆ డబ్బుతో సహా తామే నడుపుకుంటామని తెగ అడగవచ్చు. ఇందులో నేషన్ బిల్డింగ్ అనే పెద్ద మాట పూర్తిగా గుమాస్తా పనిగా మారిపోతుంది. అసలు పాఠం కూడా అక్కడే ఉంది, కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం.

ముందు కౌన్సిల్ తీర్మానం కావాలి. ఒక క్లినిక్ మూడు తెగలకు సేవ చేస్తుంటే మూడింటి తీర్మానాలూ కావాలి. ఒకరు ఒప్పుకోకపోతే ఆగిపోతుంది. తర్వాత ప్రతిపాదన: ఏ పనులు, ఏ ప్రమాణాలు, ఎంత డబ్బు, ఎంతమంది సిబ్బంది. అందిన రోజు నుంచి ఏజెన్సీకి 90 రోజుల గడువు. తిరస్కరించాలంటే చట్టంలో రాసిన కొద్ది కారణాల్లో ఒకటి చూపాలి, రుజువు భారం ఏజెన్సీదే. 90 రోజులు దాటితే ఆమోదం పొందినట్టే. అందుకే అనుభవం ఉన్నవారు ప్రతిపాదన అందినట్టు తేదీ వేసిన రసీదు లేకుండా అడుగు కదలరు.

డబ్బు విషయంలో నియమం ఇది: ఏజెన్సీ తానే నడిపితే ఎంత ఖర్చు పెట్టేదో అంతకు తక్కువ ఇవ్వకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఏజెన్సీ క్లినిక్ నడిపినప్పుడు జీతాల విభాగం, లాయర్లు, ఆడిట్, బీమా వాషింగ్టన్‌లో ఎక్కడో ఉంటాయి, క్లినిక్ బడ్జెట్లో కనిపించవు. తెగ నడిపితే అవన్నీ తానే పెట్టుకోవాలి. ఈ ఖర్చుకే 'కాంట్రాక్ట్ సపోర్ట్ కాస్ట్స్' అని పేరు. చట్టం ఇవ్వమన్నా దశాబ్దాల పాటు పూర్తిగా ఇవ్వలేదు. తెగలు నర్సు ఉద్యోగం ఖాళీగా ఉంచి ఆ జీతంతో అకౌంటెంటును పెట్టుకున్నాయి. చెరోకీ నేషన్ 2005లో, నవహోలోని రామా చాప్టర్ (స్థానిక పాలనా విభాగం) 2012లో, సాన్ కార్లోస్ అపాచీలు 2024లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిస్తే గానీ ఈ బాకీ లెక్క ఒక దారికి రాలేదు.

ఇందులో ఎక్కువగా జారిపడేది ఆడిట్ దగ్గరే. ఫెడరల్ డబ్బు ఏడాదికి ఒక పరిమితి దాటి ఖర్చు చేస్తే (ఇన్నాళ్లూ 7.5 లక్షల డాలర్లు, ఇటీవల 10 లక్షలు) 'సింగిల్ ఆడిట్' తప్పనిసరి. ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలల్లోపు నివేదిక వెళ్లాలి. ఫైనాన్స్ డైరెక్టర్ వెళ్లిపోయాడు, ఖాతాలు సరిచూసేవారు లేరు, ఆడిట్ ఏడాది ఆలస్యమైంది అనుకుందాం. పరోక్ష ఖర్చుల (జీతాల విభాగం, ఆడిట్, బీమా వంటివాటి) రేటు ఖరారు చేయాలంటే ఆడిట్ లెక్కలు కావాలి. రేటు లేకపోతే పరోక్ష ఖర్చులు రావు. అవి రాకపోతే కొత్త ఫైనాన్స్ డైరెక్టర్‌కు జీతం ఎక్కడ నుంచి? గొలుసులో ఒక్క లంకె తెగితే చాలు. మరీ ముదిరితే ఏజెన్సీ కార్యక్రమాన్ని వెనక్కి తీసుకోవచ్చు, తెగే స్వయంగా తిరిగి అప్పగించనూ వచ్చు. రెండోదాన్ని ఓటమిగా చూడటం పొరపాటు. మోయలేని బరువును సమయానికి దించుకోవడం కూడా పాలనలో భాగమే.

638 కాంట్రాక్టు కింద తెగ నడుపుతున్నది ప్రాథమికంగా ఫెడరల్ కార్యక్రమాన్నే. చేయి మారింది, రూపం పెద్దగా మారలేదు. 1988లో ప్రయోగంగా మొదలై, 1994లో ఇంటీరియర్ శాఖలో, 2000లో ఆరోగ్య రంగంలో స్థిరపడిన 'సెల్ఫ్ గవర్నెన్స్ కాంపాక్ట్' ఇంకో మెట్టు పైన ఉంటుంది. అక్కడ తెగ డబ్బును ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చుకోవచ్చు, కార్యక్రమాన్నే తిరగరాసుకోవచ్చు. అందులో అడుగుపెట్టడానికి ముందు మూడేళ్లు ఆడిట్లు శుభ్రంగా ఉండాలి. మళ్లీ ఆడిట్ దగ్గరికే వచ్చాం.

కోర్టు, భూమి

రిజర్వేషన్‌లో ఒక దొంగతనం జరిగితే పోలీసు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: చేసింది మూలవాసా, నష్టపోయింది మూలవాసా, జరిగింది ఏ నేల మీద? సుప్రీంకోర్టు 1978లో ఓలిఫాంట్ కేసులో, మూలవాసులు కానివారి మీద క్రిమినల్ విచారణ జరిపే అధికారం తెగల కోర్టులకు లేదంది. కుటుంబ హింస వంటి కొన్ని నేరాల్లో 2013లో, మళ్లీ 2022లో కాంగ్రెస్ కొంత తిరిగి ఇచ్చింది. సొంత పౌరుల మీద కూడా శిక్షకు పరిమితి ఉంది, సాధారణంగా ఒక నేరానికి ఏడాది జైలు. 2010 చట్టం దాన్ని మూడేళ్లకు పెంచింది, అయితే షరతులతో: పేద నిందితుడికి తెగ ఖర్చుతో లాయరు, న్యాయశాస్త్రం చదివిన జడ్జి, ప్రచురించిన చట్టాలు, విచారణ రికార్డు. అధికారం ఉచితమే, దాన్ని వాడుకునే ఖర్చు మాత్రం తెగదే.

కోర్టు స్వతంత్రంగా ఉండటం నేరాల కోసం మాత్రమే కాదు. తెగకు సార్వభౌమ రక్షణ ఉంది, అంటే దాని అనుమతి లేకుండా ఎవరూ దావా వేయలేరు. అలాంటి తెగకు బ్యాంకు అప్పు ఎందుకిస్తుంది? 'పరిమిత మినహాయింపు' రాసిస్తే ఇస్తుంది: ఈ ఒప్పందానికి మాత్రమే, ఇంత మొత్తం వరకే, ఫలానా కోర్టులోనో మధ్యవర్తి దగ్గరో. అజాగ్రత్తగా రాస్తే ఏమవుతుందో 2001లో ఓక్లహోమా కేసు ఒకటి చూపించింది. కాంట్రాక్టర్‌తో ఒప్పందానికి తెగే ముందుకు తెచ్చిన అచ్చు ఫారంలో మధ్యవర్తిత్వం అన్న వాక్యం ఉంది. తెగ సంతకం పెట్టింది. ఆ సంతకంతో రక్షణ వదులుకున్నట్టేనని సుప్రీంకోర్టు తేల్చింది. తెగ కోర్టు మీద నమ్మకం ఉంటే 'ఫలానా కోర్టు' అన్న ఖాళీలో సొంత కోర్టు పేరు రాయించుకోవచ్చు. కౌన్సిల్ ఫోన్ చేస్తే జడ్జి మారిపోయే చోట ఆ మాట ఎత్తినా బ్యాంకు ఒప్పుకోదు. కంపెనీలదీ ఇదే లెక్క. నెబ్రాస్కాలోని విన్నెబాగో తెగ 1994లో హో-చంక్ ఇంకార్పొరేటెడ్‌ను పెట్టినప్పుడు రోజువారీ నిర్వహణను కౌన్సిల్‌కు దూరంగా, విడి బోర్డు కింద ఉంచింది.

భూమి చిక్కు లెక్కతోనే అర్థమవుతుంది. డాజ్ చట్టం కింద ఒకరికి 160 ఎకరాలు వచ్చాయనుకుందాం. వీలునామా లేదు, తరానికి నలుగురు పిల్లలు. వారసులు 4, 16, 64, నాలుగో తరానికి 256 మంది. నేల మీద గట్టు పడదు. కాగితం మీద వాటా మాత్రమే ముక్కలవుతుంది. ఎకరం కౌలు ఏడాదికి 20 డాలర్లనుకుంటే మొత్తం 3,200, ఒక్కొక్కరికి 12 డాలర్ల 50 సెంట్లు. చెక్కు రాసి పంపే ఖర్చు దీనికంటే ఎక్కువ కావచ్చు. కౌలుకివ్వాలంటే యజమానులు ఐదుగురు లేదా తక్కువైతే 90 శాతం వాటా ఉన్నవారి సమ్మతి కావాలి, ఆరు నుంచి పదిమందైతే 80, పదకొండు నుంచి పందొమ్మిదైతే 60, ఇరవై లేదా అంతకు మించితే సగానికి పైగా. 256 మంది చిరునామాలు వెతికేలోగా విత్తే కాలం దాటిపోతుంది. ఈ ఖాతాలను ఫెడరల్ ప్రభుత్వం నిర్వహించిన తీరు మీద సాగిన కోబెల్ దావా 340 కోట్ల డాలర్లకు రాజీ అయింది. అందులో 190 కోట్లు చిల్లర వాటాలు కొని తెగలకు అప్పగించడానికి పెట్టారు. పదేళ్లు కొన్నాక కూడా చిక్కు పూర్తిగా వీడలేదు, ఎందుకంటే అమ్మనివారి ఇళ్లలో కొత్త వారసులు పుడుతూనే ఉన్నారు. తెగ ఉమ్మడి భూమి విషయంలో మాత్రం 2012 నాటి హార్త్ చట్టం కొంత ఊరట. కౌలు నిబంధనలు తెగే రాసుకుని ఒక్కసారి ఆమోదం తెచ్చుకుంటే, తర్వాత ప్రతి కౌలుకూ బీఐఏ సంతకం అక్కర్లేదు.

ఎవరు మనవాళ్లు?

చాలా తెగల రాజ్యాంగాల్లో పౌరసత్వానికి 'బ్లడ్ క్వాంటమ్' నియమం ఉంది, తరచుగా నాలుగో వంతు రక్తం. ఆ పాళ్లు తెగ లోపలి రక్తానికే లెక్క. తల్లికి ఒక తెగలో నాలుగో వంతు, తండ్రికి ఇంకో తెగలో నాలుగో వంతు ఉంటే ఇద్దరూ పౌరులే. బిడ్డకు రెండింట్లోనూ ఎనిమిదో వంతే, కాబట్టి బిడ్డ ఎక్కడా పౌరుడు కాదు. అలాగని వంశక్రమం ఒక్కటే చాలంటే, రిజర్వేషన్ ముఖం చూడని వేలమంది చేరి క్లినిక్ బడ్జెట్ పంచుకుంటారన్న భయం ఊళ్లో ఉన్నవారిది. రెండు భయాలూ నిజమే.

దీన్ని అందరికంటే వింతగా ఎదుర్కొన్నవారు ఓసేజ్‌లు. భూమి కింద చమురుంది. 1906 చట్టం నాటి జాబితాలోని 2,229 మందికి తలా ఒక 'హెడ్‌రైట్', అంటే చమురు ఆదాయంలో వాటా. తర్వాత హెడ్‌రైట్ ఉన్నవారికే ఓటు, ఎంత వాటా ఉంటే అంత ఓటు. తల్లి బతికుండగా కూతురు, ఆమె ఎంత ఓసేజ్ అయినా, ఓటు వేయలేదు. ఆ తల్లి పోయాక నలుగురు పిల్లలుంటే తలా పావు ఓటు. 1990లలో ఫెడరల్ కోర్టు ద్వారా వచ్చిన కొత్త రాజ్యాంగం పై కోర్టులో కొట్టుకుపోయింది. చివరికి 2004లో, సభ్యులెవరో, ప్రభుత్వం ఎలా ఉండాలో ఓసేజ్‌లే తేల్చుకోవచ్చని కాంగ్రెస్ చట్టం చేసింది. తెగ ఒక సంస్కరణ కమిషన్‌ను వేసి, ఊరూరా సభలు పెట్టి, 2006లో కొత్త రాజ్యాంగాన్ని ఓటుకు పెట్టి గెలిపించుకుంది. 1906 జాబితాలోని వారి వారసులందరూ పౌరులు, మనిషికి ఒక ఓటు. విడి చీఫ్, విడి కాంగ్రెస్ (తెగ శాసనసభ), విడి కోర్టు. చమురు వాటాల జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు. వాటిని చూసుకోవడానికి ఎనిమిది మందితో ఖనిజ మండలిని ఆ రాజ్యాంగంలోనే వేరుగా పెట్టారు. ఆ మండలి ఎన్నికలో నేటికీ హెడ్‌రైట్ ఉన్నవారికే ఓటు, అదీ ఎవరి వాటా ఎంతో అంతే.